లోతు చాలని తొడగూడు: ఆపరేషనుకు ముందు, ఆ తరువాత



జల్‌పల్లి నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరానికి ఈ నెల మన శీర్షికను పూర్తిగా కేటాయిస్తున్నాము. పేరు ప్రచురించవద్దని కోరారు గనుక ఇవ్వడం లేదు. ఆయన భార్యకు 31 సంవత్సరాలు, ఇద్దరు పిల్లలు. రెండవ కాన్పు తరువాత ఆమెకు కుడి గజ్జలో నొప్పి మొదలైంది. నడుము నొప్పి అని కొంతకాలం, వాతమని కొంతకాలం మందులు వాడారు. నాలుగేళ్ళు గడిచాక ఒక డాక్టరు గారు తుంటికి ఎక్స్‌రే తీయించి, తొడగూడు చిన్ననాటి నుండే లోతు తక్కువగా ఉందనీ, దీనిని హిప్ డిస్‌ప్లేసియా అంటారనీ, ఆపరేషను అవసరమనీ చెప్పారట. ఉత్తరం చివర ఆయన అడిగిన ప్రశ్న ఇది: “ఆపరేషను చేయిస్తే మా ఆవిడ మునుపటిలా ఇంటి పనులు చేసుకోగలదా?”

అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఖర్చెంత, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి అని అందరూ అడుగుతారు. మనిషి తరువాత ఏమేమి చేసుకోగలదు అని అడిగేవారు తక్కువ. అయితే సహోదరా, ఈ ప్రశ్నకు జవాబు సగం ఆపరేషను గదిలో ఉంటే, మిగతా సగం దానికి ముందు గడిచిన రోజుల్లోనూ, తరువాత మీ ఇంట్లో గడవబోయే రోజుల్లోనూ ఉంది. అదెలాగో చూద్దాము.

ఏమిటీ లోపం?

తొడగూడు అనే మాట బైబిలు చదివేవారికి కొత్త కాదు. ఆదికాండము 32వ అధ్యాయంలో యాకోబుకు దెబ్బ తగిలినది అక్కడే. ఆ తరువాత ఆయన కుంటుతూ నడిచాడు. తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఆ బంతి కూర్చునే గిన్నె వంటి గుంట కటి ఎముకలో ఉంటుంది. అదే తొడగూడు. గిన్నె తగినంత లోతుగా ఉంటే బంతి పైభాగాన్ని చక్కగా కప్పుతుంది. కొందరిలో ఈ గిన్నె సాసరులా పల్చగా, వాలుగా ఏర్పడుతుంది. అప్పుడు బంతిలో కొంత భాగం కప్పు లేకుండా బయటకు నిలుస్తుంది.

మనం ఒక్క అడుగు వేసినప్పుడు తుంటి మీద పడే భారం మన ఒంటి బరువుకు దాదాపు రెండున్నర నుండి మూడు రెట్లు. లోతైన గూటిలో ఆ భారం విశాలంగా పరచుకుంటుంది. పల్చని గూటిలో అంత భారమూ అంచు దగ్గర ఇరుకు చోట పడుతుంది. గూటి అంచున రబ్బరు వాషరులా ఒక పట్టీ ఉంటుంది. ఏళ్ళ తరబడి నొక్కిడికి అది చిరుగుతుంది. తరువాత ఎముకల మధ్య నున్నని మృదులాస్థి అరుగుతుంది. అందుకే పుట్టినప్పటి నుండి ఉన్న లోపం ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయసులో బయటపడుతుంది. స్త్రీలలో ఇది ఎక్కువ.

గూడు బంతిని ఎంత కప్పిందో ఎక్స్‌రే మీద కోణంగా కొలుస్తారు. స్వీడన్ దేశపు డాక్టరు వైబర్గ్ 1939లో ఈ పద్ధతి చెప్పారు. ఈ కోణం 25 డిగ్రీలు, ఆపైన ఉంటే మామూలు. 20 కంటే తక్కువైతే లోపం ఉన్నట్లు. మధ్యలో ఉంటే అంచు మీద ఉన్నట్లు. మీ ఆవిడ ఎక్స్‌రేలో ఆ కోణం ఎంతో డాక్టరు గారిని అడిగి వ్రాసి పెట్టుకోండి.

నాలుగేళ్ళు ఎందుకు పట్టింది?

ఇది మీ ఒక్కరి కథ కాదు. 2011లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, నొప్పి మొదలైనప్పటి నుండి జబ్బు పేరు తెలిసేవరకు సగటున ఐదేళ్ళు పట్టినట్లు, ఈలోగా రోగులు ముగ్గురికి పైగా వైద్యులను చూసినట్లు తేలింది. అన్ని వసతులూ ఉన్న దేశంలోనే అంత ఆలస్యమైతే మన పల్లెల సంగతి చెప్పనవసరం లేదు.

ఆలస్యానికి కారణాలున్నాయి. నొప్పి గజ్జలోనో, తొడ పక్కనో, ఒక్కోసారి మోకాలిలోనో తెలుస్తుంది గనుక చూపు తుంటి మీదకు పోదు. పైకి వాపు ఉండదు, జ్వరం ఉండదు. రక్త పరీక్షలన్నీ బాగానే వస్తాయి. దానితో ఇంట్లోవారు “ఒళ్ళు వంగక” అంటారు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి కుంటే కోడలిని చూసి, నాటకమని అనుకునే ఇళ్ళు లేకపోలేదు. ఆమె కూడా నోరు మూసుకుని, నొప్పి మాత్ర మింగి, బిందె ఎత్తుతుంది. పెళ్ళికాని పిల్లయితే, సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులే కుంటుని దాచమంటారు. దాచిన ప్రతి సంవత్సరమూ మృదులాస్థి మీద రాసిన అప్పు వంటిది.

ఇంకొక మాట. మనవైపు ఎముకల బాధ అనగానే నూనె మర్దనలు, పుత్తూరు కట్టు గుర్తుకు వస్తాయి. కట్టు కట్టేది విరిగిన ఎముకకు. ఇక్కడ విరిగినదేమీ లేదు. గూడు ఆకారమే వేరు. మర్దన వలన కండరం కొంత సుఖపడవచ్చు గాని గూడు లోతు పెరగదు.

ఆపరేషనుకు ముందు ఎలా ఉంటుంది?

ఈ లోపం ఉన్నవారు మొదట కోల్పోయేది నడకను కాదు. చాలాసేపు నిలబడడం, వేగంగా నడవడం, పిల్లవాడిని ఎత్తుకుని మెట్లెక్కడం, ఆటోలో కాలు ఎత్తి కూర్చోవడం, ఆ పక్కకు ఒత్తిగిలి నిద్రపోవడం మొదట కష్టమవుతాయి. తుంటి పక్కన ఉన్న కండరాలు గూడు చేయవలసిన పనిని తామే చేస్తూ అలసిపోతాయి. సాయంత్రం కుంటు ఎక్కువ కావడానికి కారణం అదే.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చూడవచ్చు. గోడ దగ్గర నిలబడి, నొప్పి ఉన్న కాలి మీద ఒంటికాలిపై నిలవమనండి. నడుము రెండవ పక్క కిందికి జారితే తుంటి కండరాలు బలహీనపడ్డాయని అర్థం. 1895లో జర్మనీ సర్జను ట్రెండెలెన్‌బర్గ్ దీనిని వివరించారు. నేటికీ ఎముకల డాక్టర్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. జబ్బు ఉందా లేదా అన్నది ఈ పరీక్ష ఒక్కటే తేల్చదు. ఎక్స్‌రే తప్పనిసరి.

ఏ ఆపరేషను?

మృదులాస్థి ఇంకా బాగున్నదా, అరిగిపోయిందా అన్న దానిని బట్టి దారి రెండుగా చీలుతుంది.

మృదులాస్థి బాగుండి వయసు తక్కువైతే, సాధారణంగా నలభై లోపు, సొంత తుంటినే కాపాడే ఆపరేషను ఉంది. గూటి చుట్టూ ఎముకను జాగ్రత్తగా కోసి, గూటిని బంతి మీదకు తిప్పి, స్క్రూలతో బిగిస్తారు. స్విట్జర్లాండ్ దేశంలోని బెర్న్ నగరంలో డాక్టరు రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో ఈ పద్ధతిని ప్రారంభించి, 1988లో ప్రచురించారు. దీని పేరు పెరియాసిటాబులార్ ఆస్టియాటమీ. కటి ఎముక వెనుక స్తంభం తెగకుండా ఉంటుంది గనుక ప్రసవ మార్గం ఆకారం మారదు. ఆ తరువాత మామూలు కాన్పు అయిన స్త్రీలున్నారు. మళ్ళీ బిడ్డ కావాలనుకునేవారు ఈ సంగతి ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

మృదులాస్థి పూర్తిగా అరిగిపోతే గూటిని తిప్పినందువలన ప్రయోజనం ఉండదు. అప్పుడు తుంటి కీలు మార్పిడి చేస్తారు. ఇంగ్లాండులో జాన్ చార్న్‌లీ 1962లో నేటి కీలు మార్పిడికి బాట వేశారు. డిస్‌ప్లేసియా ఉన్నవారిలో గూడు చిన్నది, కాళ్ళ పొడవులో తేడా ఉండవచ్చు గనుక ఇది మామూలు మార్పిడి కంటే కొంత కష్టమైన పని. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మార్చిన తుంటి కీళ్ళలో నూటికి సుమారు 58, 25 ఏళ్ళు నిలిచాయి. 65 ఏళ్ళ వారికి ఇది మంచి కబురు. 31 ఏళ్ళ వారికి మరొక ఆపరేషను ఉండవచ్చునన్న హెచ్చరిక కూడా. అందుకే చిన్న వయసులో సొంత తుంటిని కాపాడే దారి మొదట చూస్తారు.

గూటిని తిప్పే ఆపరేషను ప్రతి ఊళ్ళో చేసేది కాదు. హైదరాబాదు వంటి నగరంలో, తుంటి మీద ప్రత్యేక అనుభవం ఉన్న సర్జను దగ్గరకే వెళ్ళాలి. పంజాగుట్టలోని నిమ్స్ 1960ల దశకంలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. అటువంటి పెద్ద ఆసుపత్రిలో రెండవ అభిప్రాయం తీసుకోవడం మంచిది. “ఇటువంటి ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు?” అని వినయంగా అడగడంలో తప్పులేదు. మీకు చెప్పిన ఆపరేషను ఆరోగ్యశ్రీలో వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడగండి.

ముందు స్థితే తరువాతి స్థితికి పునాది

బెర్న్‌లో మొదట ఆపరేషను జరిగిన 63 మందిని, అంటే 75 తుంట్లను, అక్కడి డాక్టర్లు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 20 ఏళ్ళ తరువాత నూటికి 60 తుంట్లు మార్పిడి అవసరం లేకుండా నిలిచాయి. 30 ఏళ్ళకు దాదాపు మూడవ వంతు నిలిచాయి. ఎవరి తుంట్లు నిలిచాయి, ఎవరివి నిలవలేదు అని చూస్తే, ఆపరేషను నాటికి వయసు ఎక్కువైనవారు, అప్పటికే కుంటుతున్నవారు, పనితీరు బాగా తగ్గినవారు, అరుగుదల మొదలైనవారు వెనుకబడ్డారు.

అంటే, పూర్తిగా మంచాన పడితే అప్పుడు చూద్దామనుకోవడం ఈ జబ్బులో పొరపాటు లెక్క. మనిషి ఇంకా నడుస్తూ ఉండగానే వెళ్ళాలి. మీ ఆవిడ 31 ఏళ్ళ వయసులోనే డాక్టరు దగ్గరకు చేరారు. తలుపు ఇంకా మూసుకోలేదు. అరుగుదల ఎంతవరకు వచ్చిందో తేల్చుకోవడంలో ఇక ఆలస్యం చేయకండి. ఆపరేషను తేదీ వచ్చేలోగా ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలతో తుంటి, తొడ కండరాలను బలపరచుకుంటే ఆ తరువాత లేవడం సులువవుతుంది. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో. చాలామంది దీనిని తారుమారు చేస్తారు.

ఆపరేషను తరువాత

గూటిని తిప్పిన తరువాత ఆరు నుండి ఎనిమిది వారాలు చంక కర్రలతో, కాలు మీద కొద్ది భారమే వేస్తూ నడవాలి. ఎముక అతకడానికి దాదాపు మూడు నెలలు. కండరాల బలం పూర్తిగా రావడానికి ఒక సంవత్సరం కూడా పట్టవచ్చు. తొడ ముందు, పక్క భాగంలో కొంతమేర తిమ్మిరిగా ఉండడం తరచుగా కనబడుతుంది. చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. పిక్క వాచి నొప్పిపెట్టినా, ఊపిరి ఆడకపోయినా, జ్వరం వచ్చినా, గాయం నుండి చీము కారినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నొప్పి తగ్గే విషయంలో ఫలితాలు మంచివే. అయితే 2018లో డెన్మార్కు డాక్టర్లు ప్రచురించిన ఒక సంగతి మనం గమనించదగ్గది. ఆపరేషను జరిగిన ఏడాదికి రోగులు మునుపటికంటే ఎక్కువ చేయగలుగుతున్నామని చెప్పారు. కాని వారి ఒంటికి కదలికను కొలిచే చిన్న యంత్రం కట్టి చూస్తే, రోజు మొత్తం మీద కదలిక ముందు ఎంతో తరువాతా దాదాపు అంతే. బాధ పోయింది గాని నడక పెరగలేదు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న శరీరానికి అదే అలవాటై ఉండవచ్చు. కనుక “ఇప్పుడు నొప్పి లేదు కదా” అని వ్యాయామం ఆపకూడదు. సర్జను ఎముకను తిప్పగలరు. నడకను తిరిగి నేర్చుకోవలసింది ఆమె, నేర్చుకోనివ్వవలసింది ఇంటివారు.

మన ఇళ్ళకు తగిన కొలత

తుంటి పనితీరును కొలవడానికి ప్రపంచమంతా వాడే పట్టికలలో ఒకటి 1969లో అమెరికా డాక్టరు హారిస్ తయారుచేసినది. నూరు మార్కులలో నొప్పికి 44, పనితీరుకు 47. ఎంత దూరం నడుస్తారు, మెట్లు ఎలా ఎక్కుతారు, మేజోళ్ళు బూట్లు తొడుక్కోగలరా, కుర్చీలో గంటసేపు కూర్చోగలరా, బస్సు ఎక్కగలరా అని అడుగుతారు. మంచి ప్రశ్నలే. కాని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా, గొంతుక్కూర్చోగలరా, మోకరించి లేవగలరా అన్న ప్రశ్నలు అందులో లేవు. కుర్చీ, మంచం, బల్ల ఉన్న ఇళ్ళకోసం తయారైన కొలత అది.

కాబట్టి మీరే ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆపరేషనుకు ముందు ఒకసారి, తరువాత మూడు, ఆరు, పన్నెండు నెలలకు ఒకసారి ఈ క్రింది సంగతులు మీ ఆవిడే స్వయంగా వ్రాయాలి.

1. ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలుగుతున్నాను?
2. పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడగలుగుతున్నాను?
3. నేలమీద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలుగుతున్నానా?
4. మెట్లు ఒక్కొక్క కాలితో ఎక్కుతున్నానా, ప్రతి మెట్టు మీద రెండు కాళ్ళూ పెడుతున్నానా?
5. ఆటో, బస్సు ఎక్కి దిగగలుగుతున్నానా?
6. రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?
7. వారంలో ఎన్ని నొప్పి మాత్రలు మింగాను?

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు “పరవాలేదండీ” అని చెప్పడం కంటే ఈ కాగితం చూపించడం మేలు.

నేలమీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం గురించి డాక్టరును ప్రత్యేకంగా అడగండి. గూటిని తిప్పినవారిలో ఎముక అతికాక కొందరు మళ్ళీ కూర్చోగలుగుతారు. కాలు మడిచే పరిధి కొందరిలో కొంచెం తగ్గుతుంది. కీలు మార్పిడి అయినవారు మాత్రం బాగా వంగి కూర్చుంటే కీలు తప్పుకునే ప్రమాదం ఉంది గనుక, డాక్టరు అనుమతి లేనిదే నేలమీద కూర్చోకూడదు. ఆసుపత్రి నుండి రాకముందే ఇంట్లో చేతులున్న ఎత్తైన కుర్చీ, తగిన ఎత్తు మంచం, కమోడు ఏర్పాటు చేయండి. జారే పట్టాలు తీసివేయండి.

పిల్లల సంగతి మరచిపోకండి

ఈ లోపం కొన్ని కుటుంబాలలో వస్తుంది. మీ ఇద్దరు పిల్లలను కూడా ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. ఆడపిల్ల, తొలిచూలు బిడ్డ, కడుపులో ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ, తల్లికో తోబుట్టువుకో ఈ లోపం ఉన్న బిడ్డ అయితే మరింత జాగ్రత్త అవసరం. పసిబిడ్డకు ఆరు వారాలప్పుడు స్కానింగుతో దీనిని కనిపెట్టవచ్చు. మొదటి నెలల్లో తెలిస్తే ఎక్కువమందికి ఆపరేషను లేకుండా, కాళ్ళు ఎడంగా ఉంచే పట్టీలతోనే గూడు సరిపడుతుంది.

పసివాళ్ళ కాళ్ళు నిటారుగా చాచి గట్టిగా చుట్టిపెట్టడం తుంటికి హాని. జపానులో 1970లలో తల్లులకు ఈ సంగతి నేర్పాక అక్కడ ఈ లోపం బాగా తగ్గింది. మన అమ్మమ్మలు బిడ్డను చంకనెత్తుకున్నప్పుడు కాళ్ళు అటొకటి ఇటొకటి పడతాయి. తుంటికి మేలైన భంగిమ అది. ఆ అలవాటు వదులుకోకండి.

చివరిగా

సహోదరా, మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే: మృదులాస్థి ఇంకా బాగుండి, తగిన సర్జను చేసి, సంవత్సరంపాటు వ్యాయామం సాగితే ఆమె చాలా పనులు చేసుకోగలిగే అవకాశం బాగా ఉంది. కాని ఆ మొదటి మూడు నెలలు నీళ్ళు మోసేది ఎవరు, పిల్లలను బడికి పంపేది ఎవరు, సాయంత్రం ఆమె పక్కన నెమ్మదిగా నడిచేది ఎవరు అన్నది తేదీ నిర్ణయించుకునేలోగానే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మీ అమ్మగారినీ, ఆమె తల్లిగారినీ కూడా పిలవండి. ఇంటి పనులు చేయగలదా అన్న ప్రశ్నకు పక్కనే, రాత్రి నొప్పి లేకుండా నిద్రపోగలదా అన్న ప్రశ్ననూ చేర్చండి.

సంఘంలోని పెద్దలకు ఒక మనవి. ఆరాధనలో అందరూ చాపమీద కూర్చున్నప్పుడు, మోకరించినప్పుడు, ఒక యౌవనస్థురాలు కుర్చీ అడిగితే ఎందుకని ఆరా తీయకండి. వెనుక వరుసలో రెండు కుర్చీలు ఎప్పుడూ వేసి ఉంచండి. పైకి కనబడని నొప్పి ఎందరికో ఉంటుంది.